కావ్య పేరున కలిపిన కేకు

వనపర్తిల రాజావారి బంగ్లా వెనక సందుల ఉంటది ఉష ఇల్లు. పొద్దుగాల్ల ఆ ఇంటి ముంగటికెల్లి పోతుంటె వంటింట్లకెల్లి పేర్లు వినవడ్తుంటయి. డబ్బలకు పులిహోర కలుపుకుంట పిల్లల పేర్లంటది, వంకాయ కూర కలియబెట్టుకుంట "రంజిత్" అంటది. మొగని పేరు ఎత్తుడు ఆమెకు ఆ ఒక్క తావుల్నే. బయట మాత్రం "మా ఇంట్లాయన" అనే అంటది. ఒకరి పేరు తల్సుకోని కలిపిందంటె, ఆ మనిషి తినేదాక ఆ వంట చల్లారదు. పొద్దున కట్టిన డబ్బ బడిల మధ్యాన్నం ఇప్పితె పొగలే. చలికాలం పంతులమ్మలు ఆ డబ్బల మీద చేతులు కాపుకుంటరు. రంజిత్ ఆర్టీసీల కండక్టరు, కొల్లాపూర్ బండి మీద పోతడు. ఆయన ఏ యాళకు ఇల్లు చేరనీ, మూత తీస్తె ఆవిరి మొఖానికి కొడ్తది. ఒక్క ముద్ద నోట్లె పెట్టుకున్నడా, ఇగ అది అందరిండ్ల కూర లెక్కనే మెల్లగ చల్లారుతది.

సందుల ఎవ్వరికీ ఇదొక ముచ్చటనే గాదు. పక్కింటి సరోజకు మాత్రం జర చిరాకు. "ఉషమ్మా, నీ తాన గిన్నెడు కూర అడుక్కపోతె నాలిక కాలుతది. ఒకపారి నా పేరు గూడ అనరాదు తల్లీ" అంటది. ఉష నవ్వి ఊకుంటది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి గాదు.

మాట్లాడేది సుహాసిని. బస్టాండు తాన వాళ్ళ నాయన పెట్టిన ఫోటో స్టూడియో ఇప్పుడు ఆమెనే నడుపుతది. పాస్‌పోర్టు ఫోటోలు, పెండ్లి ఆల్బమ్‌లు తీసి తీసి యాష్టకొచ్చిన మనిషి. ఒకనాడు ఉష బిడ్డ పుట్టినరోజుకు ఫోటోలు తియ్యనీకి వచ్చి, పిల్లను ఇడిసిపెట్టి పచ్చిపులుసును తీస్కుంట కూసున్నది. ఆ దినం కలిసిన్రు ఇద్దరు. తిండి అంటె ఇద్దరికీ పానం. ఫలానా ఊర్లె ఫలానా ఆమె సర్వపిండి మంచిగ చేస్తదంటె స్కూటీ మీద పడి పోతరు. మన్ననూరు పోయి తేనె తెచ్చుకుంటరు, వచ్చేటప్పుడు అడివిల కోతులతోని కొట్లాడుకుంట వస్తరు. ఉష వండుతది, సుహాసిని ఫోటో తీస్తది, ఇద్దరు కలిసి 'పొగలు' అని ఫోన్ల ఒక పేజీ నడుపుతరు. తిండి ఫోటోల పొగ కనవడాల్నని వేరేటోళ్ళు తడి దూది కాల్చి పళ్ళెం వెనక పెడ్తరంట. సుహాసినికి ఆ తిప్పలే లేదు. ఉష రంజిత్ పేరున కలుపుతది, ఆయన పొద్దుమూకినంక వస్తడు, అందాక ఎన్ని ఫోటోలు తీసుకున్నా పొగ పోనే పోదు. ఆ పేజీ చూసేటోళ్ళకు గూడ ఇది ఎరుకే. "ఇయ్యాల ఎవరి కోసం అక్కా?" అని కింద అడుగుతుంటరు.

పత్రికోళ్ళకు తీసిచ్చే కేకులకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, అవి పేజీల పెట్టరు. వేడి కేకు మీద చాక్లెట్ పూత పోస్తె నిలుస్తదా? కారిపోతది. అందుకని కేకు కలిపేటప్పుడు సుహాసిని పేరు పెడ్తది ఉష. ఓవెన్లకెల్లి తియ్యంగనే సుహాసిని అంచుకెల్లి ఇంత తుంచి, ఊదుకుంట నోట్లేసుకుంటది. ఇగ అది మామూలు కేకే. ఫ్యాను కింద పెడితె చల్లారుతది, పూత పోస్తె అద్దం లెక్క మెరుస్తది.

ఈసారి హైదరాబాదుల ఒక పత్రికోళ్ళు దసర సంచికకు మసాల చాక్లెట్ కేకు ఫోటో కావాలన్నరు. రేపు పెత్రమాస. ఉష నాయన కురుమూర్తి రాజోలి నుంచి వస్తడు, ఒంటరి మనిషి గాబట్టి సచ్చిపోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యమిచ్చేది ఇక్కడ్నే ఉంటది. అందుకని ఇయ్యాల్నే కేకు పని చేసేద్దమని సుహాసిని పొద్దున్నే కెమెర మెడల ఏసుకోని వచ్చింది.

ఉష చిన్న రోట్ల దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, మిరియాలు దంచింది. ఒక ఎండు మిరపకాయ గింజలు తీసి ఏసింది. ఆఖరుకు శొంఠి.

"శొంఠి జర తక్కువెయ్యక్కా, ఫోటోల యాడ కనవడ్తది?" అన్నది సుహాసిని.

"ఫోటోల కనవడకుంటె నోట్ల కనవడ్తది. నువ్వు నీ పని చూసుకో."

గుడ్లు, వెన్న గిలక్కొట్టేది మిషన్‌తోనే గాని, పిండి కలిపేది ఉష చేత్తోనే. మైదా, కోకో పొడి జల్లించి పోసి, దంచిన మసాల మీదికెల్లి సల్లి, చెయ్యి పెట్టింది. శొంఠి వాసన గుప్పున లేసింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ రాధమ్మ శొంఠి దంచుతుంటె, రోలు ఖాళీ కాంగనే చిన్నది వచ్చి రోట్ల ఏలు పెట్టి నాకుతుండె. కారానికి కండ్లల్ల నీళ్ళు కారుతున్నా ఇడుస్తుండకపోయె. ఉష ఇప్పుడు అదే తలుపుల ఉన్నది. పిండి చిక్కగయ్యింది, జర పాలు పొయ్యాలె.

"కావ్యా, ఆ పాల గిన్నె జర అందియ్యి" అన్నది.

సుహాసిని గిన్నె అందుకోబోయి ఆగిపోయింది. ఉష చెయ్యి పిండిల అట్లనే ఉండిపోయింది.

కావ్య ఉష చెల్లె. గద్వాలల డిగ్రీ చదివేటప్పుడు అబ్రహాం అని రాజోలి పిల్లగాన్నే ఇష్టపడ్డది. వాడు మాదిగోళ్ళ పిల్లగాడు, తల్లిదండ్రి లేరు, చర్చికి పోయేటోడు. ఇంట్ల చెప్తె ఒప్పరని ఇద్దరు రాయచూరు పోయి పెండ్లి చేసుకున్నరు. కురుమూర్తి తిట్టలేదు, ఎంట పోయి కొట్టలేదు. "నాకు ఒక్కతే బిడ్డ, రెండోది సచ్చిపోయింది. దాని చేతి నీళ్ళు గూడ నేను ముట్ట" అన్నడు. ఆ ఏడు పెత్రమాసకు కులపోళ్ళు చూస్తుండంగ పెద్దల పేర్లతోని పాటు కావ్య పేరు చెప్పి బియ్యమిచ్చిండు. బతికున్న పిల్లను సచ్చినోళ్ళల్ల కలిపిండు. ఆ మంకుతనాన్ని ఏమనాలె! ఉష ఏడ్చింది, రాధమ్మ ఏడ్చింది, ఆయన ఇనలేదు.

తరువాత కరోన వచ్చింది. రాయచూరు మార్కెట్‌కు పోయొచ్చిన మనిషి ఒకడు, అబ్రహాం ఇంట్ల చావయ్యిందని, ఆ పిల్లనే పోయిందంటున్నరని చెప్పిండు. ఆ దినం కురుమూర్తి బువ్వ తినలేదు. పోయి చూడనూలేదు. ఏ మొఖం పెట్టుకోని పోతడు? అంతకుముందు కోపానికి ఇచ్చిన బియ్యం, ఆ ఏటికెల్లి దుఃఖంతోని ఇస్తుండు.

ఉషకు తెలుసుకునే తోవ ఉన్నది. చెల్లె పేరు తల్సుకోని ఇంత అన్నం కలిపితె తెలిసిపోతది. లేని మనిషి పేరున కలిపిన వంట మామూలుగ చల్లారుతది. అది ఆమెకు మంచిగ ఎరుక. వాళ్ళమ్మ కర్నూలు దవాఖానల ఉన్నప్పుడు ఆమె పేరున జొన్న జావ కాసి, క్యాన్ ఒడిల పెట్టుకోని బస్సెక్కింది. అలంపూర్ చౌరస్త దాటినంక ఒడిల క్యాన్ చల్లవడుకుంట వచ్చింది. దవాఖానకు చేరకముందే ఆమెకు తెలిసిపోయింది. మల్ల ఆ చలువ చేతులకు తాకుతదేమోనని ఉష ఇన్నేండ్లు వంటింట్ల చెల్లె పేరు ఎత్తలేదు. ఎత్తకుంటె కావ్య ఏడనో ఒక తాన ఉన్నట్టే అనుకున్నది.

ఇప్పుడు నోరు జారింది.

"పారబోద్దామక్కా. గుడ్లున్నయి, వెన్నున్నది. ఇంకోటి కలుపుకుందం" అన్నది సుహాసిని చిన్నగ.

"పారబోస్తె?"

"పారబోస్తె... ఏం లేదు. ఎప్పటి లెక్కనే ఉంటది."

ఉష పిండిలకెల్లి చెయ్యి తియ్యలేదు. "ఎప్పటి లెక్కనే ఉండుడు నాతోని గాదు సుహా. రేపు మా నాయన మల్ల దాని పేరు చెప్తడు. నేను మల్ల విస్తరేస్త. పాలు పొయ్యి."

సుహాసిని పాలు పోసింది. ఉష కలిపి, గిన్నెకు వెన్న రాసి, పిండి పోసి ఓవెన్ల పెట్టింది. కేకు పొంగింది. ఇల్లంత చాక్లెట్ వాసన, దాని వెనక మిరియాల ఘాటు. వేరే దినమైతె సుహాసిని ఓవెన్ అద్దం తాన కూసోని లొట్టలేస్తుండె. ఇయ్యాల కెమెర తీసి బల్ల మీద పెట్టి, చీపురు అందుకోని ఊడ్చిన వంటిల్లే మల్ల ఊడ్చింది.

కేకు తీసి జాలీ మీద బోర్లించిన్రు. అంచుకెల్లి తుంచేటోళ్ళు ఎవ్వరూ లేరు. ఉష పోయి గోడకానుకోని కింద కూసున్నది.

"నేను ముట్ట. నువ్వే చూడు" అన్నది.

సుహాసిని అరచెయ్యి ఆనించింది. "వేడిగున్నది."

"ఇప్పుడే తీస్తిమి గద, వేడిగనే ఉంటది. చిక్కటి కేకు, లోపటి వేడి జల్ది పోదు. జర సేపాగి చూడు."

ఆగిన్రు. సుహాసిని ఎన్నో కేకులకు చల్లారు, చల్లారు అని విసనకర్ర పట్టి ఊపిన మనిషి. ఇయ్యాల మనసుల జములమ్మ తల్లికి మొక్కుకుంటుండె, చల్లార్చకు తల్లీ అని. ఫ్యాను ఎయ్యనీకి గూడ చెయ్యి రాలేదు. ఉషనే లేసి ఫ్యాను ఏసింది.

"ఎట్లున్నది?"

"వేడిగనే ఉన్నదక్కా."

"పైన చూడకు. కింద చెయ్యి పెట్టి చూడు. నడుమ చూడు."

"కింద గూడ వేడే. నడుమ గూడ వేడే."

పొయ్యి మీద బువ్వ వండుకోవాలన్న సోయి గూడ లేదు ఇద్దరికీ. ఎండ కిటికీల నుంచి జరిగి గోడెక్కింది. బోర్లించిన గిన్నె ఎప్పుడో చల్లవడ్డది, ఓవెన్ చల్లవడ్డది. అయినా ఉషకు నమ్మిక కుదర్లేదు. కేకును ఎత్తి ఫ్రిజ్‌ల పెట్టుమన్నది. సుహాసిని పెట్టి తలుపేసింది. కొంచెం సేపటికి తీస్తె లోపట అద్దాలకు చెమట పట్టి, పాల పాకిట్లు గోరువెచ్చగయినయి. కేకు మీదికెల్లి పొగ లేస్తున్నది.

"అక్కా" అన్నది సుహాసిని.

ఉష వచ్చి రెండు చేతులు కేకు మీద పెట్టింది. చురుక్కుమన్నా తియ్యలేదు. "ఉన్నదే. నా చెల్లె ఉన్నదే సుహా. నేనే దొంగను. పిరికిదాన్ని. ఒక్క ముద్ద కలిపితె తెలిసిపోయేదానికి ఇన్నేండ్లు ఆగిన" అని వెక్కి వెక్కి ఏడ్చింది. సుహాసిని ఆమె చేతులు గుంజి, నల్ల తిప్పి నీళ్ళ కింద పెట్టి, తనూ ఏడ్చింది.

ఏడ్చుడు అయినంక సుహాసిని లేసి మొఖం కడుక్కోని, చాక్లెట్‌ను మీగడల కరిగించింది.

"ఇప్పుడెందుకే పూత? నిలవదు గద" అన్నది ఉష.

"నిలవకుంటె నిలవకపోనీ. కెమెర ముంగట కారనీ."

పూత పోస్తుంటె పోస్తుంటెనే జారిపోయింది. కేకు అంచుల మీదికెల్లి కారి పళ్ళెంల మడుగు కట్టింది. పైన పొగ. సుహాసిని కిటికీ ఎలుతురుల ఒక్క ఫోటో తీసి పేజీల పెట్టింది. కింద రాసింది: 'ఇది కావ్య కోసం. ఊరు రాజోలి. రాయచూరుల ఉంటుండె. ఎవరికన్న ఎరుకుంటె చెప్పున్రి. అక్క ఎదురుచూస్తుంది.' పత్రికోళ్ళకు ఫోన్ చేసి ఈసారి కేకు లేదని చెప్పింది.

పొద్దుమూకి రంజిత్ వచ్చి, కాళ్ళు కడుక్కోని వంటింట్లకు రాంగనే పొగ చూసిండు. "ఎవరికిది?" అన్నడు. ఉష చెప్పింది. ఆయన కేకు మీద ఏలు ఆనించి, పీట గుంజుకోని కూసున్నడు.

"మామకు చెప్తవా?"

"చెప్తె నా మాట నమ్మడు. చెయ్యి పెట్టి చూసుకోనీ" అన్నది ఉష.

తెల్లారేసరికి సుహాసిని పరుగున వచ్చింది. రాయచూరు నుంచి పిల్ల ఒకతె రాసింది: 'కావ్యక్క మా ఓణిలనే ఉంటది. బట్టలు కుడ్తది.' ఓణి అంటె సందు, దాని పేరు, గుర్తులు గూడ రాసింది. ఉష ఆ ఫోన్‌ను రెండు చేతుల్ల పట్టుకోని సదివిందే సదివింది.

కురుమూర్తి తొలి బస్సుకే వచ్చిండు. సంచిల గుమ్మడికాయ, గోరుచిక్కుడుకాయలు, కొత్త బియ్యం. తానం చేసి, దోతి కట్టుకోని పీటేసుకున్నడు. పెత్రమాస నాడు బియ్యమిచ్చేదాక ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టడు. అయ్యగారు వచ్చి ఎదురుంగ కూసున్నడు. ఉష నాలుగు విస్తర్లేసి, ఒక్కొక్క దాంట్ల బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టింది. పెట్టుకుంట నోరు తెరవలేదు. ముందుగాల్నే చెప్తె నాయన లేసి పోతడేమోనని ఆమె భయం. వంటింటి గడప తాన సుహాసిని, రంజిత్ నిలవడ్డరు.

కురుమూర్తి తండ్రి పేరు చెప్పిండు, మొదటి విస్తరి అయ్యగారి దిక్కు జరిపిండు. తల్లి పేరు చెప్పిండు. రాధమ్మ పేరు చెప్పి, కండ్లు తుడుసుకున్నడు. నాలుగో విస్తరి మీద చెయ్యి పెట్టంగనే ఉష లోపటికి పోయి కేకు పళ్ళెం పట్టుకొచ్చి ఆయన ముంగట పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"కావ్య పేరున కలిపిన నాయనా. నిన్న పొద్దున."

కురుమూర్తికి బిడ్డ చేతి సంగతి ఎరుకే. పొగను చూసిండు. చూసి మొఖం తిప్పుకున్నడు. "ఇప్పుడే తీసుంటవు పొయ్యి మీదికెల్లి."

"రాయచూరుల ఉన్నదంట పెదనాయనా. ఫోన్ల రాసిన్రు" అన్నది సుహాసిని.

"ఫోన్ల మాటలు నేను నమ్మ."

"ఫోన్‌ను నమ్మకు. పోయి ఓవెన్ చూసి రా" అన్నది ఉష. నాయనతోని ఆమె ఎన్నడూ గట్ల మాట్లాడలేదు.

ముసలాయన లేసి వంటింట్లకు పోయిండు. ఓవెన్ తలుపు తీసి లోపట చెయ్యి పెట్టిండు. పొయ్యి గట్టు తడిమిండు. అంతా చల్లగనే ఉన్నది. వచ్చి కూసోని కేకు మీద అరచెయ్యి పెట్టిండు. పెట్టి ఇగ తియ్యలేదు. "కాలుతది మామా" అన్నడు రంజిత్. ఆయనకు వినవడ్డట్టు లేదు. తెల్ల మీసాల మీద పడి నీళ్ళు కారుతున్నయి.

"నాలుగో పేరు చెప్పు కురుమూర్తీ, యాళ దాటుతుంది" అన్నడు అయ్యగారు.

"నాలుగో పేరు లేదయ్యగారూ."

"లేదా?"

"లేదు. ఇన్నేండ్లు తప్పు పేరు చెప్పిన. బతికున్న బిడ్డ పేరున బియ్యమిచ్చిన. నా అసొంటి తండ్రి పగోనికి గూడ ఉండొద్దు."

"నువ్వు ఇచ్చినవు, నేను పట్టిన. ఇద్దరం కలిసే చేసినం" అన్నడు అయ్యగారు. నాలుగో విస్తరిని ఆయనే మడిచి పక్కకు పెట్టిండు.

కురుమూర్తి బువ్వ తినమంటె తినలేదు. "దాన్ని చూసినంకనే" అన్నడు. రంజిత్ పిల్లల తాన ఉన్నడు. ఉష, సుహాసిని, ముసలాయన ముగ్గురు గద్వాల బస్సెక్కిన్రు. కేకును స్టీలు బేసిన్ల పెట్టి, తువ్వాల చుట్టి, ఆయన ఒడిలనే పెట్టుకున్నడు. ఇయ్యమన్నా ఇయ్యలేదు. బతుకమ్మ కోసమని బస్సు నిండ తంగేడు, గునుగు. పక్క సీటు ఆమె వేడికి పూలు వాడుతయని గంప అవుతలికి జరుపుకోని, "ఎవరికి పెద్దయ్యా?" అని అడిగింది.

"నా చిన్న బిడ్డకు" అన్నడు కురుమూర్తి. అని కిటికీల నుంచి బీచుపల్లి కాడ కృష్ణా నదిని చూసుకుంట కూసున్నడు.

గద్వాలల బస్సు మారి రాయచూరు చేరేసరికి మధ్యాన్నం దాటింది. ఆ ఓణి మొగదల ఒకామె "యారు బేకు?" అని, ఎవరు కావాలె అని కన్నడంల అడిగి, కావ్య పేరు చెప్పంగనే చెయ్యి చూపించింది. చిన్న రేకుల ఇల్లు. గడప తాన కుట్టు మిషను. మిషను తొక్కుకుంట తల వంచుకోని ఉన్నది కావ్య. చిక్కిపోయింది. నీడ పడంగనే తలెత్తింది. మిషను ఆగింది.

"కావ్యా" అన్నది ఉష. గడప మీదనే కూలవడి ఏడ్చింది.

కావ్య అక్కను చూసింది, నాయనను చూసింది. లేసి రాలేదు. "ఏమొచ్చినవు నాయనా? ఇయ్యాల పెత్రమాస గద. నా పేరున బియ్యమిచ్చే దినం."

"నీకు..."

"ఎందుకు తెల్వదు? మొదట్ల మనూరోళ్ళు మార్కెట్ల కనవడ్తుండిరి. మీ అమ్మ పోయిందని, మీ నాయన నీకు బియ్యమిచ్చిండని మొఖం మీదనే చెప్పిన్రు. అప్పటికెల్లి నేను ఆ దిక్కే పోలే."

"ఈ ఏడు ఇయ్యలేదు బిడ్డా" అని కురుమూర్తి బేసిన్ మీది తువ్వాల తీసిండు. పొగ లేసింది.

కావ్య పొగను చూసింది. ఆమెకు ఎవ్వరూ చెప్పే పని లేదు. "నా పేరు తల్సినవా అక్కా?"

"నోరు జారింది కావ్యా. నోరు జారకుంటె ఇప్పుడు గూడ తల్సకపోదును. చల్లారుతదేమోనని భయం. నువ్వు పోయినవని చెప్పిన్రు మాకు."

"పోయింది నేను గాదు. ఆయన." గోడ మీద అబ్రహాం ఫోటో ఉన్నది. దానికి కాయితం పూల దండ. "ఇద్దరికీ వచ్చింది కరోన. ఆయనను తీసుకపోయింది, నన్ను ఇడిసింది. ఎవడో తప్పు చెప్తె మీరు నమ్మిన్రు. సచ్చిందన్నప్పుడన్న చూడనీకి ఒక్కరు రాకపోతిరి. వచ్చుంటె ఆయనను ఎత్తనీకి నాకొక మనిషి దొరుకుతుండె. మున్సిపాలిటీ బండిల ఏసుకపోయి బొంద పెట్టిన్రు నాయనా. నేను ఇంట్ల పండుకోనే ఉన్న, లేవనీకి చాతగాలే."

కురుమూర్తి నిలవడే ఉన్నడు. బేసిన్ కింద పెట్టలేదు. తువ్వాల లేకుంటనే పట్టుకున్నడు, చేతులు ఎర్రగైతున్నయి. సుహాసిని అందుకోబోతె వద్దన్నట్టు తలూపిండు. చానాసేపు ఫోటోల అబ్రహాం మొఖమే చూసిండు. ఆ పిల్లగాని మొఖం ఆయన సరిగ్గ చూసుడు ఇదే తొలిపారి.

"ఒక మాట అడుగుత బిడ్డా. ఇష్టం లేకుంటె లేదను" అన్నడు ఆఖరుకు. "ఆయన పేరున మనింట్ల బియ్యమియ్యొచ్చునా? మా నాయన పక్కపొంటి, మీ అమ్మ పక్కపొంటి."

కావ్య అందాక ఏడ్వలేదు. ఇప్పుడు కొంగు నోట్లె కుక్కుకున్నది. అక్క వచ్చి పట్టుకుంటె పట్టుకోనిచ్చింది.

"మా తాన బియ్యమియ్యరు నాయనా" అన్నది తేరుకోని.

"మరేం చేస్తరు?"

"సమాధి కాడికి పోయి పూలు పెట్టి ప్రార్థన చేసుకుంటం."

"ప్రార్థన నాకు రాదు. పూలు పెడ్త. తోవ చూపియ్యి, ఇప్పుడే పోదం."

కావ్య ఆయన దిక్కు చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నయి, నిలవడ్డ మనిషి జర ఊగుతుండు. "పొద్దటికెల్లి ఏం తినలే గద నువ్వు?"

"పెత్రమాస గద బిడ్డా."

ఆమె బేసిన్‌లకెల్లి కేకు ఇంత తుంచి నోట్లె పెట్టుకున్నది. శొంఠి ఘాటుకో దుఃఖానికో కండ్లు మూసుకున్నది. కురుమూర్తి అరచేతుల్ల వేడి మెల్లమెల్లగ దిగుకుంట వచ్చింది. బేసిన్ చల్లవడ్డది. ఆయన దాన్ని మిషను మీద పెట్టిండు. సుహాసిని కెమెర ఎత్తి ఫోటో తీసింది. కారి గడ్డకట్టిన చాక్లెట్, ఒక తుంచిన అంచు, వెనక కాలిన రెండు ముసలి చేతులు. 'పొగలు' పేజీల పొగ లేని ఫోటో అదొక్కటే.

కావ్య ఇంకో ముక్క తుంచి నాయన ముంగటికి చాపింది. ఆయన చెయ్యి పట్టలేదు, చిన్న పిల్లగాని లెక్క నోరు తెరిచిండు. ఆమె పెట్టింది. నమిలి మింగి, మూతి తుడుసుకోని చెప్పులల్ల కాళ్ళు పెట్టుకుంట, "పూలు యాడ దొరుకుతయి బిడ్డా ఈ ఊర్లె?" అని అడిగిండు.